అప్పలస్వామి మేస్త్రి ఆఖరి మాట

ఇది నేను పట్టపగలు, తెల్ల చొక్కా వేసుకుని, చేతులు జోడించుకుని ఒక పెద్దమనిషిని చంపేసిన సంగతి. కత్తి వాడలేదు, విషం వాడలేదు. నోరు వాడాను. కేసు కాలేదు గానీ, ఆ మధ్యాహ్నం ఎవరైనా పోలీసాయన వచ్చి నన్ను జీపెక్కించుకుని ఉంటే ఆయనకు దండం పెట్టి మరీ ఎక్కేసేవాణ్ణి. రెండేళ్లయింది. ఇప్పటికీ తలుచుకుంటే అరచేతులకు చెమట పడుతుంది, ఈ కాగితం చూడండి, ఇక్కడ కాస్త తడిసింది కూడా.

నేను శ్రీకాకుళంలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పుకుంటూ, అరసవల్లి రోడ్డులో అద్దె ఇంట్లో కాపురం చేసుకుంటున్నవాణ్ణి. తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్నదల్లా పాత బెంచి వైసుల పిచ్చి. చూడనివాళ్ల కోసం చెబుతాను. వర్క్‌షాపుల్లో బల్ల అంచుకు బోల్టులతో బిగించి ఉంటుంది, రెండు ఇనప దవడలతో. మధ్యలో ఏదైనా ముక్క పెట్టి పిడి తిప్పితే దవడలు దగ్గరికొచ్చి దాన్ని కదలకుండా కరిచి పట్టుకుంటాయి. అంతే. ఆ మాత్రానికి పిచ్చి దేనికని మా ఆవిడ శారద పెళ్లయిన దగ్గర్నుంచీ అడుగుతోంది. ఇప్పటి వైసులు వేరండీ, పాతవి వేరు. మంచి కాలంలో పోతపోసిన వైసు పిడి ఒక్కసారి తిప్పి చూడండి, నేతిలో గరిటె తిప్పినట్టుంటుంది. తుప్పు గీకి, కిరసనాయిలుతో కడిగి తుడుస్తుంటే కింద నుంచి కంపెనీవాడి అక్షరాలు ఒక్కొక్కటే బయటపడతాయి చూశారా, ఆ క్షణంలో కలిగే ఆనందం మా అబ్బాయి పుట్టినప్పుడు కూడా... సరే, శారద ఇది చదివే ప్రమాదం ఉంది కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

అప్పటికి మా ఇంట్లో పదకొండు వైసులు ఉన్నాయి. ఎక్కువ భాగం మంచం కిందే. వంటింట్లో ఉన్నదానికి మాత్రం శారద కొబ్బరికాయ బిగించి పీచు తీస్తుంది.

“ఇల్లు తుడుద్దామని వంగితే ఇనప మొసళ్లు నోళ్లు తెరుచుకుని చూస్తున్నాయండీ. పన్నెండోది గడప లోపలికి వచ్చిందంటే నేను గడప బయటికి వెళ్తాను,” అంది ఒకరోజు.

పన్నెండోది ఎక్కడుందో అప్పటికే నాకు తెలుసు. ఆమదాలవలస దాటి ఏడెనిమిది కిలోమీటర్లు లోపలికి వెళ్తే ఒక పల్లె. అక్కడ అప్పలస్వామి మేస్త్రి అని ఒక పెద్దాయన. జూట్ మిల్లులో ఫిట్టరుగా చేసి, మిల్లు మూతపడ్డాక సొంతూరు చేరి పంపుసెట్లు బాగుచేసుకుంటూ ఉంటాడు. ఆయన దగ్గర మిల్లు నాటి ఇంగ్లండు వైసు ఉందని మా ల్యాబు అటెండరు చెప్పాడు. నంబరు సంపాదించి ఫోను చేశాను. నేను ఇంకా దండకం పూర్తిచేయకముందే ఆయన, “నాను బతికుండగా అది బల్ల దిగదు బాబూ,” అని పెట్టేశాడు.

మూడు నెలలు ఓర్చుకున్నాను. ఒక ఆదివారం పొద్దున, ఎదురుగా నిలబడి బతిమాలితే కరుగుతాడేమోనని, ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని బండి తీశాను. శారదకు గుడికని చెప్పాను.

ఊరి మొదట్లో టీ కొట్టు దగ్గర ఆగి దారి అడిగాను. ఇక్కణ్ణుంచి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, ఎందుకంటే తప్పెవరిదో మీరే తేల్చాలి.

“అప్పలస్వామి మేస్త్రి గారి ఇల్లెక్కడండీ?”

“మేస్త్రా? మేస్త్రి పోనాడు కద బాబూ,” అన్నాడు కొట్టాయన టీ తిరగబోస్తూ.

“పోయారా! ఎప్పుడు?”

“నిన్న. తెల్లబండొచ్చి ఎక్కించుకుపోనాది.”

“అయ్యో! ఏమైందండీ?”

“ఏటవుతాది, వయసు. డెబ్బై దాటినాక ఎవులైనా ఓపాలి పోవాల్సిందే కదా. మా అయ్య కూడా కిందటేడు పోనాడు.”

“అయ్యయ్యో.”

“ఈపాలి మా ఊర్నుంచి నలుగురు పోనారు. ఒకే బండిలో.”

“నలుగురా!”

“ఇంకో ఇద్దరు కూడా పోతామన్నారు గానీ, బండిలో సోటు నేకపోనాది.”

ఈ ఆఖరి ముక్క దగ్గరైనా నా బుర్ర కదలాలా వద్దా? చచ్చిపోతామని ఇద్దరు ముందే పేర్లిచ్చుకుని, చోటు చాలక వెనక్కి తిరిగారంటే అదేం చావో అడగాలా వద్దా? అడగలేదు. నా చెవుల్లో అప్పటికే ఒక్క మాట గంట కొడుతోంది: బతికుండగా బల్ల దిగదు. ఇప్పుడాయన బతికి లేడు. కనక దిగుతుంది. రెండో సూత్రం, మూడో సూత్రం పిల్లలకు అరిచి చెప్పే నోటితోనే ఈ లెక్క కట్టుకున్నాను. మేస్త్రి పోతే కలిగిన విచారం నా గుండెలో సగం కూడా నిండలేదు. మిగతాదంతా వైసే.

మీకిప్పుడే చెప్పేస్తాను. ఆ తెల్లబండి కంటి ఆసుపత్రి వ్యాను. ఊళ్లోని ముసలివాళ్లను శుక్లం ఆపరేషనుకు తీసుకెళ్లి, మర్నాడు మధ్యాహ్నం తెచ్చి దింపుతుంది. మీకు తెలిసింది. నాకు తెలియదు.

మేస్త్రి ఇంటి ముందు ఆయన చిన్నకోడలు పైడమ్మ చేటలో బియ్యం ఏరుకుంటోంది. కొప్పులో పువ్వు కూడా ఉంది. పశువుల శాల పక్కన రేకుల చావడి. అందులో టేకు బల్ల. బల్ల మీద అది! నేను దాని వైపు చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డానో భగవంతుడికే తెలుసు. చేతులు జోడించాను.

“అమ్మా, మేస్త్రి గారు పోయారని తెలిసి వచ్చాను.”

“అవును బాబూ, నిన్న పోనాడు. కూకోండి.” నవ్వుతూ కుర్చీ వేసింది.

మనిషంటే ఇంత నిబ్బరం ఉండాలి అనుకున్నాను. “మీరు చాలా ధైర్యంగా ఉన్నారమ్మా.”

“దైర్నంగా నేకపోతే ఎలగ? నొప్పీ గిప్పీ ఏటీ ఉండదంట కదా.”

“ఉండదమ్మా. ప్రశాంతంగా అయిపోయి ఉంటుంది.”

“మద్దినేలకి తెచ్చి దింపీస్తారంట. అందుకే సేపల పులుసు కూడా వొండీసినాను. మావకి ఇష్టం.”

శవం వచ్చే వేళకు చేపల పులుసా! ఒక్కో ఊరికి ఒక్కో ఆచారం కాబోలు అని సర్దుకున్నాను. ఇక మాటలు లాగితే వైసు సంగతి ఎత్తడం కష్టమని, గొంతు తగ్గించి, నాకు చేతనైనంత గంభీరంగా అన్నాను: “ఆయన ఆత్మకు శాంతి కలగాలని ఆ సూర్యనారాయణమూర్తిని వేడుకుంటున్నానమ్మా.”

చేట ఆగిపోయింది.

“ఏటన్నారు? ఆత్మేటి?”

“అదే... మేస్త్రి గారి ఆత్మ.”

“మీరెక్కణ్ణుంచొచ్చారు?”

“శ్రీకాకుళం నుంచి.”

“ఆస్పత్రోళ్లా?” అంటూనే లేచి నిలబడింది. బియ్యం నేల మీద జారిపోయాయి. “ఓలమ్మో! కంటాపరేసనుకని తీసుకెల్లి మనిసిని సంపీసినారేటి!”

కంటి ఆపరేషను. ఆ రెండు మాటలూ నా తలలోకి దిగడానికి ఒక్క క్షణం పట్టింది. నొప్పి ఉండదు. మధ్యాహ్నానికి దింపేస్తారు. బండిలో చోటు లేకపోయింది. అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నా నెత్తిన పడ్డాయి. నిజం చెప్పడానికి నాకు దొరికిన మొదటి అవకాశం అది. వాడుకోబోయాను కూడా.

“అమ్మా, ఆగండి, నాకు సరిగ్గా తెలీదు...”

“తెలీకుండానే ఇంత దూరం వచ్చి ఆత్మ శాంతంటారేటి!” అని గుండెలు బాదుకుంటూ వీధిలోకి పరుగెత్తింది.

మీరు ఎప్పుడైనా పాల గిన్నె పొంగడం చూస్తూ స్టవ్వు ఎక్కడుందో మరిచిపోయారా? నేనలా నిలబడ్డాను. నాలుగు నిమిషాల్లో వాకిలి నిండిపోయింది. మగవాళ్లు తువ్వాళ్లు తలకు చుట్టుకుని వచ్చారు, ఎవరో ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి వరసగా వేశారు, ఆ వరస సరిగ్గా నా బండికి అడ్డంగా పడింది. పైడమ్మ భర్త భోగాపురంలో ఎయిర్‌పోర్టు పనుల్లో లారీ తోలుతున్నాడట. అతనికి ఫోను చేసి చెప్పేశారు. అతను ఏడుస్తూ మోటారుసైకిలెక్కాడట. ఏడుస్తూ హైవే మీద బండి నడిపే మనిషికి ఏమైనా అయితే? చంపిన లెక్క రెండుకు చేరుతుంది, అందులో ఒకటి నిజంది.

“ఆస్పత్రికి ఫోను చెయ్యండి,” అన్నాను.

ఎవరి దగ్గరా నంబరు లేదు. మేస్త్రి ఫోనుకు చేస్తే అది గూట్లోంచే మోగింది. ఆ మోత విని పైడమ్మ ఏడుపు రెండింతలైంది.

ఇంతలో ఒకావిడ జనాన్ని తోసుకుని వచ్చి నా చొక్కా పట్టుకుంది. ఆమె భర్త కూడా అదే బండిలో వెళ్లాడట. “బాబూ, మావోడు? మావోడో?”

“మీవారు బాగున్నారమ్మా,” అన్నాను గట్టిగా. ఆ రోజు నేను చెప్పిన మాటల్లో నేను నమ్మిన మాట అదొక్కటే.

ఆమె నా రెండు చేతులూ కళ్లకద్దుకుంది. వెంటనే మిగతా ఇద్దరి తాలూకు వాళ్లు కూడా వరసలో నిలబడ్డారు. అందరూ బాగున్నారని చెప్పాను. అలా ముగ్గుర్ని బతికించేసరికి, నాలుగో ఆయన పోవడం ఊరికి మరింత ఖాయమైపోయింది. ఎంత వివరంగా తెలుసో చూడండి ఈయనకి, అనుకున్నారు.

పారిపోవడం ఒక్కటే మార్గం. మెల్లగా బండి దగ్గరికి జరిగి, “నేను వెళ్లొస్తానండీ,” అన్నాను.

గవరయ్య అని, ఆ ఊరి పెద్ద, మేస్త్రికి చిన్నప్పటి స్నేహితుడు, నా భుజం మీద చెయ్యి వేశాడు. “చావింట్లో ఎల్లొస్తానంటారేటి బాబూ? అయినా శవం రాకండా ఎలగెల్తారు? ఆకర్న సూసినోరు మీరే కదా.”

నేను చూశానని నేనెప్పుడు అన్నాను? అనలేదు. కాదని కూడా అనలేదు. అదీ రెండో అవకాశం. గవరయ్య నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తను ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని అడిగాడు.

“సెప్పండి బాబూ. ఆకర్న ఏటైనా మాటాడినాడా?”

ఏడుపులు ఆగిపోయాయి. వాకిలంతా నా నోటికేసి చూస్తోంది. నిజం చెప్పేద్దామనే నిశ్చయించుకున్నాను, ప్రమాణపూర్వకంగా చెబుతున్నాను. ‘వైసు కోసం వచ్చినవాణ్ణండీ, నాకేమీ తెలీదు, తప్పయిపోయింది’ అనబోయాను. మొదటి మాట బయటికి వచ్చింది. మిగతావి గొంతుకు అడ్డం పడ్డాయి.

“వైసు...” అన్నాను.

“వైసన్నాడట!” అని గవరయ్య బావురుమన్నాడు.

“వైసన్నాడట!” “మావ ఆకరి మాట వైసట!” అని ఆ మాట కుర్చీల మీదుగా వీధి చివరికి వెళ్లిపోయింది.

“పేనమంతా దానిమీదే ఉండీది మావకి,” అని పైడమ్మ నేల మీద కూలబడింది. “ఎవులికిమ్మన్నాడు బాబూ? మీకేటి?”

ఇప్పుడు నేను సిగ్గుపడాల్సిన చోటుకు వచ్చాం. తల ఊపానా? ఊపలేదు. కానీ నా కళ్లు ఆ రేకుల చావడి వైపు వెళ్లాయి. ఎంతసేపు వెళ్లాయో తెలీదు గానీ, అవి తిరిగి వచ్చేసరికి ఇద్దరు మనుషులు స్పానర్లు పట్టుకుని బల్ల కిందికి దూరారు.

“వద్దండీ, వద్దు, దేనికండీ,” అంటూనే ఉన్నాను.

“ఆకరి కోరిక బాబూ. కాదనకూడదు,” అన్నాడు గవరయ్య.

నాలుగు బోల్టులూ ఊడాయి. ముప్పై కిలోల పైమాటే ఉంటుంది, ఇద్దరూ మోసుకొచ్చి, పసుపు బొట్టు పెట్టి, నా ఒళ్లో పెట్టారు. మూడు నెలలుగా నేను కలలు కన్న వైసు. దవడ మీద దుమ్ము కింద ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తున్నాయి. చదవడానికి ధైర్యం లేదు. దాని బరువుకు కాళ్లు తిమ్మిరెక్కాయి, కదలడానికి వీల్లేదు, లేవడానికి వీల్లేదు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఇక మధ్యాహ్నానికి ఎంతసేపుందో లెక్కపెట్టుకుంటూ, ఆ బండి త్వరగా రావాలని ఒక నిమిషం, అసలు రాకూడదని ఒక నిమిషం మొక్కుకుంటూ కూర్చున్నాను.

వచ్చింది.

తెల్ల వ్యాను వీధి మొదట్లో ఆగింది. జనం లేచి నిలబడ్డారు, మగవాళ్లు ముందుకు నడిచారు మొయ్యడానికి. తలుపు తెరుచుకుంది. ముందు ఒక కర్ర దిగింది. తర్వాత ఒక కాలు. తర్వాత కంటి మీద ఆకుపచ్చ గుడ్డ, దానిపైన నల్లకళ్లజోడు, చేతిలో మందుల సంచితో అప్పలస్వామి మేస్త్రి నిక్షేపంగా దిగాడు. ఆయన కుర్చీలు చూశాడు, తువ్వాళ్లు చూశాడు, తన ఇంటి ముందు ఏడ్చిన మొహాలు చూశాడు. కర్ర జారిపోయింది.

“ఓరి నాయినో! ఎవుల్రా పోనారు? గవరయ్య పోనాడేటి?”

“నానిక్కడే ఉన్నాన్రా,” అన్నాడు గవరయ్య ఆయన పక్కనే నిలబడి.

“మరెవులు పోనారు?”

గవరయ్య తలకు చుట్టిన తువ్వాలు విప్పి చంకలో పెట్టుకున్నాడు. “నువ్వే.”

మేస్త్రి నల్లకళ్లజోడు కాస్త పైకెత్తాడు. ఆ తర్వాత ఆయన తెరిచి ఉన్న కన్ను వాకిలంతా తిరిగి తిరిగి నా ఒళ్లో వచ్చి ఆగింది.

“నా వైసు అక్కడుందేటి?”

నేను లేచాను. ముప్పై కిలోల ఇనుము ఒళ్లో ఉందన్న సంగతి మరిచిపోయి లేచాను. అది నా ఎడమ కాలి బొటనవేలి మీద దిగింది. నేను పెట్టిన కేక ఆ రోజు అక్కడ వినిపించిన ఏడుపులన్నిటిలోకీ నిజమైనది.

ఆ నొప్పితోనే అంతా చెప్పేశాను. టీ కొట్టు, పోనాడు, తెల్లబండి, ఫోను, మూడు నెలలు, అన్నీ. జనం నన్ను కొడతారని కళ్లు మూసుకున్నాను. కొట్టలేదు, ముందు కొడుక్కి ఫోను చెయ్యాలి కదా. అతను రణస్థలం దగ్గర బండి ఆపుకుని ఏడుస్తున్నాడు. నాన్న బతికే ఉన్నాడంటే, తన మనసు కుదుటపరచడానికి అబద్ధం చెబుతున్నారని ఇంకా ఏడ్చాడు. చివరికి మేస్త్రి ఫోను లాక్కుని, “ఒరే, నాన్రా, సచ్చినోణ్ణి మాటాడతన్నాను! అక్కడే కూకుని మంచినీల్లు తాగి నెమ్మదిగా రా!” అని అరిచాడు. అప్పటిగ్గానీ నా గుండె మళ్లీ కొట్టుకోలేదు.

అప్పుడు మేస్త్రి నా వైపు తిరిగాడు. “ఫోను సేసినోడివి నువ్వేనా? సరే. ఊడదీయించినోడివి నువ్వే బిగించు.”

బొటనవేలు బెండకాయంత ఉబ్బింది. కుంటుకుంటూ, ఊరంతా చుట్టూ నిలబడి టీలు తాగుతూ చూస్తుండగా, వైసును బల్ల మీదికెత్తి బోల్టులు బిగించాను. మేస్త్రి పక్కన స్టూలు వేసుకుని ఒంటికన్నుతో మేస్త్రీతనం చేశాడు. “ఎడం పక్క వాలినాది. విప్పు.” విప్పాను. “ఇప్పుడు కుడి పక్క. విప్పు.” మళ్లీ విప్పాను. మూడోసారి బిగించేసరికి చూసి చూసి జనం పలచబడ్డారు. పైడమ్మ లోపల అన్నం వడ్డిస్తోంది.

మేస్త్రి స్టూలు దగ్గరికి జరుపుకుని గొంతు తగ్గించాడు.

“ఏటి బాబూ, మా సిన్నకోడలు నిజంగా ఏడిసిందేటి?”

“ఏడ్చిందండీ. చాలా.”

“గట్టిగానా?”

“వీధి చివరికి వినపడేలాగా.”

“ఇనుం అరగదీసే నా ఆకురాయితో సేప పొలుసులు తీసినాదని ఓ మాటన్నాను. మూడు నెల్లయింది, కంచం నా ముందు పెట్టీసి గోడతో మాటాడతాది.” ఆయన వైసు పిడి పట్టుకుని ఊరికే ఇటొకసారి అటొకసారి తిప్పాడు. “ఎంతసేపు ఏడిసుంటాది?”

“గంటకు పైనే.”

“మద్దిలో ఆపినాదా?”

“మీ ఫోను మోగినప్పుడు ఇంకా ఎక్కువైందండీ.”

నల్లకళ్లజోడు కింద నుంచి నీళ్లు కారుతుంటే, ఆపరేషను చేసిన కన్ను తడవకూడదని చెప్పారని గొణుక్కుంటూ తువ్వాలుతో బుగ్గ ఒత్తుకున్నాడు. లోపల్నుంచి పైడమ్మ, “మావా, పులుసు సల్లారిపోతాది, ఆ బాబుని కూడా తీసుకు రా,” అని కేకేసింది. మూడు నెలల తర్వాత గోడతో కాకుండా ఆయనతో అన్న మొదటి మాటట అది. నేను సంపాదించిన చేపల పులుసు జీవితంలో అదొక్కటే, అంత రుచైనది మళ్లీ తినలేదు.

బయల్దేరేటప్పుడు మేస్త్రి బండి దాకా వచ్చి సాగనంపాడు. క్షమించమని మరోసారి అడిగాను. ఆయన అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గరికి వంగాడు.

“వచ్చీ నెల రెండో కంటికి పోతాను. ఆ పాటికి పెద్దకోడలు విశాపట్నం నుంచి వస్తాది. నువ్వు ఇదే సొక్కా ఏసుకుని ఓపాలొచ్చి సెప్పీసి ఎల్లిపో.”

వెళ్లలేదు. మరుసటి నెల ఆయన ప్రయాణం రోజు పొద్దుటి నుంచీ నా ఫోను ఆరుసార్లు మోగింది, ఎత్తలేదు. ఏడోసారి శారద ఎత్తి, “ఎవరో మేస్త్రి గారట, ఇవాళ పోతున్నారట, మిమ్మల్ని వెంటనే రమ్మంటున్నారు, పాపం,” అని కళ్లు తుడుచుకుంది.

కాబట్టి పెద్దలందరి ఎదుటా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఎవరైనా పోయారని వింటే, ఏ బండిలో పోయారో, ఎన్ని గంటలకు తిరిగొస్తారో కనుక్కోకుండా నా రెండు చేతులూ ఒకదానికొకటి తగలనివ్వను. తిరిగిరారని రూఢిగా తేలితే, ఆ ఇంటికి శారదను పంపిస్తాను. ఆమెకు వైసులంటే అసహ్యం.